తీగె బిగించుటకు ముందు

నలువదియైదేండ్లు దాటిన యొక గృహిణి మా వైద్యశాలకు వచ్చి, పైవరుస ముందుపండ్ల నడుమ నేర్పడిన ఎడమును వ్రేలితో చూపి, "డాక్టరుగారూ, మొన్నమొన్నటిదాకా నా పలువరుస చక్కగానే ఉండేదండీ; ఈ రెండు మూడేళ్లలోనే ఇలా సందు పడింది. అమ్మాయి పెళ్లిలోపల క్లిప్పులు వేసి దగ్గరకు తెచ్చెయ్యండి" అని కోరినది. బాల్యమునుండి వంకరగా నున్న పండ్ల సంగతి వేరు. నడివయస్సున చక్కని వరుస చెదరినదనగా, దాని మూలమును పండ్లను పట్టియుంచు ఎముకలో వెదకవలెను. చిగుళ్ల లోతు కొలుచు సన్నని కడ్డీని పన్నంటి మెల్లగా దింపగా, ఆరోగ్యవంతులయందు మూడు మిల్లీమీటర్లకు మించి దిగనిది, ఇచ్చట ఏడింటివరకు జారిపోయి, వెంటనే నెత్తురు చిమ్మినది. ఎక్స్‌రేలో పంటివేళ్ల చుట్టునున్న ఎముక సగమునకు సగము తరగి కనబడినది. అతిదాహమును, రాత్రులయందు మాటిమాటికి మూత్రమునకు లేచుటయు కలవాయని అడిగి, రక్తపరీక్షకు పంపితిని. గడచిన రెండు మూడు నెలల చక్కెర పోకడను తెలుపు హెచ్‌బీఏ1సీ పదికి పైగా తేలినది. తనకు మధుమేహమున్నదని ఆమె యెరుగుట అదే మొదలు.

తీగె ఒత్తిడి సోకిన ప్రక్క ఎముక కరగి, లాగుడు పడిన ప్రక్క క్రొత్త ఎముక పుట్టుటచేతనే పన్ను కదలునని స్వీడన్ దేశీయుడగు సాండ్‌స్టెడ్ శునకముల దంతములపై శోధించి 1904 ప్రాంతమున నిరూపించెను. చక్కెర అదుపు తప్పిన దేహమున ఈ రెంటి తూకము చెడును. సూక్ష్మరక్తనాళములు దెబ్బతినియుండుటచే చిగుళ్ల వాపు ఒక పట్టున మానదు. అట్టిచోట క్లిప్పుల సందులలో పాచి చేరినచో మిగిలిన ఎముకయు నశించును. కావున క్లిప్పులమాట ప్రక్కనుంచి, ఆమెను మధుమేహవైద్యునికడకు పంపి, చిగుళ్ల చికిత్స నారంభించితిమి. హెచ్‌బీఏ1సీ ఏడుకు దిగి, కడ్డీ తగిలినను నెత్తురు రాని స్థితి వచ్చిన పిమ్మటనే, ఎముక తరగిన పన్ను స్వల్పబలమునకే ఒరగిపోవును గనుక, మిక్కిలి సన్నని తీగెతో పని మొదలిడితిని. పెండ్లినాటికి సందు మూతపడలేదు; ఆమె దానికి నొచ్చుకొననూ లేదు.

మధుమేహులకు క్లిప్పులే కూడవని త్రిప్పిపంపు వారితో నేనేకీభవింపజాలను. చక్కెరను అదుపులోను, నోటిని శుభ్రముగాను ఉంచుకొనువారు ఈ చికిత్సకు తక్కినవారివలెనే అర్హులు.

ఇన్సులిన్ సూదిపై ఆధారపడిన పిల్లలయందు మాత్రము మరియొక అపాయము కలదు. వేరొకచోట తీగె బిగించుకొనిన పదునాలుగేండ్ల బాలుడు, ఆ రాత్రి భోజనమునకు ముందు వేయవలసిన సూది యథాప్రకారము వేసికొని, పండ్ల సలుపుచే రెండు ముద్దలైనను నమలలేక లేచిపోగా, కొంతసేపటికి చెమటలు పట్టి, ఒడలు వణకి, మాట తడబడినదట. తల్లి గుర్తెరిగి పంచదార నీళ్లు త్రాగించుటచే గండము గడచినది. ఇప్పుడతడు మా యొద్దకు ఉదయమున, టిఫినును సూదియు అయిన పిదప వచ్చును. కుర్చీలో కూర్చుండకముందే మీటరుతో చక్కెర చూచి, 70కి లోబడినచో 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, పావుగంట ఆగి మరల చూతుము. తీగె బిగించిన రెండు మూడు నాళ్లు జావ, మెత్తని పెరుగన్నము, మెదిపిన పప్పు పెట్టవలెననియు, ఆ దినముల సూది మోతాదును వాని వైద్యునితో ముందే మాటాడుకొనవలెననియు తల్లికి చెప్పితిని. పరీక్షల వారమున తీగె బిగింపవద్దని ఆమె కోరగా, న్యాయమైన కోరిక గనుక ఒప్పుకొంటిని.