మూడు వందల పది

ఈ మధ్య అమెరికా బేస్‌బాల్ చరిత్ర మీద ఒక వ్యాసం చదివాను. 1906లో చికాగో కబ్స్ జట్టు ఆ ఏడాది లీగులో 116 ఆటలు గెలిచి, 36 మాత్రమే ఓడిందట. అంత గెలిచీ, చివర ప్రపంచ సిరీస్‌లో అదే ఊరి వైట్ సాక్స్ చేతిలో ఓడిపోయింది. బేస్‌బాల్ నియమాలు నాకు సగమే అర్థమవుతాయి. అయినా ఆ వ్యాసం ముగిసేదాకా వదలలేకపోయాను. ఏ రోజు ఏ ఆట, ఎవరు విసిరారు, ఎవరు కొట్టారు... నూట ఇరవై ఏళ్ళ నాటి ఒక జట్టు గురించి ఇంత శ్రద్ధగా రాసుకునే వాళ్ళని చూస్తే కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మనకూ అలాంటి ఏడాది ఒకటుంది. 1937-38.

రంజీ ట్రోఫీ మొదలైంది 1934-35లో. అంతకు ముందు ఏడు మరణించిన రంజిత్ సింహ్‌జీ పేరు మీద పెట్టిన పోటీ అది. ఆయన నవానగర్ సంస్థానాధీశుడు. ఆ నవానగరే 1936-37లో కప్పు గెలుచుకుంది. దాని నాయకుడు బెర్ట్ వెన్‌స్లీ, ఇంగ్లండులో ససెక్స్ తరఫున జీతానికి ఆడిన వృత్తి క్రీడాకారుడు. (సంస్థానాధీశుల క్రికెట్టంటే అంతా సరదా వ్యవహారమేనని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.) అమర్‌సింగ్, వినూ మన్కడ్ వంటి వాళ్ళు ఆడిన జట్టు. మరుసటి ఏడు ఆ జట్టుకు ఫైనల్లో ఎదురు నిలిచింది హైదరాబాదు. మన నాయకుడు ఎస్.ఎం. హుసేన్. స్థలం బొంబాయి.

నవానగర్ మొదట 152 పరుగులు చేసింది. హైదరాబాదు 113కే కుప్పకూలింది. నవానగర్ రెండోసారి 270. ఇక మనవాళ్ళకు కావలసినవి 310. ఆ మ్యాచ్‌లో అప్పటి దాకా ఏ జట్టూ మూడు వందలు దాటలేదన్న సంగతి గుర్తుంచుకోండి. హైదరాబాదు తొమ్మిది వికెట్లు పోగొట్టుకుని సరిగ్గా 310 చేసింది. ఒక్క వికెట్టు తేడాతో గెలుపు! అందులో ఎదుల్జీ ఐబారా ఒక్కడివే 137, అదీ ఔట్ కాకుండా. మిగతా వాళ్ళందరూ, ఎక్స్‌ట్రాలూ కలిపితే 173.

స్కోరు కార్డు చాలా పొదుపరి. ఇన్ని అంకెలిచ్చి, ఆఖరి బ్యాట్స్‌మన్ క్రీజులోకి నడిచి వస్తున్నప్పుడు ఐబారా ముఖం ఎలా ఉందో మాత్రం చెప్పదు. ఆ కాస్తా మనమే ఊహించుకోవాలి. నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఐతే 'మనవాళ్ళు' అని ఇంత ధీమాగా రాసేశాను గానీ, ఆ మాట దగ్గర నాకు కొంచెం తడబాటు లేకపోలేదు. ఐబారా పార్సీ. హుసేన్ గానీ, రంజీలో మొట్టమొదటి శతకం చేసిన హైదరాబాదీ ఎస్.ఎం. హాదీ గానీ ఉర్దూ లోకానికి చెందినవారు. ఆ క్రికెట్టు సికింద్రాబాదు జింఖానాలోనూ, ఫతేమైదానులోనూ పెరిగింది. అదే కాలంలో ఇదే రాజ్యంలో తెలుగువాళ్ళ చరిత్ర మరో దారిన నడుస్తోంది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ. తెలుగులో మాట్లాడితే చిన్నచూపు చూసే చోట తెలుగుకు చోటు అడుగుతున్న రోజులు. మూసీ ఒడ్డున పొలాల మధ్య పల్లెగా ఉన్న మా నాగోలులో ఆనాటి రైతుకు ఈ గెలుపు వార్త చేరి ఉంటుందా అంటే, చేరినా అది దొరల ఆటే కాబోలు. ఆయన్ని తప్పుపట్టలేం. ఐబారానీ తప్పుపట్టలేం గదా! తర్వాతి రోజుల్లో ఆయన కోచ్‌గా ఈ ఊరి కుర్రాళ్ళకు ఆట నేర్పాడు. ఒక గెలుపు మనదా కాదా అన్నది ఆడినవారి మాతృభాషను బట్టి తేల్చడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆ 'మన' అన్న మాటను కొట్టివేయకుండా ఉంచేశాను.

తర్వాత హైదరాబాదు మళ్ళీ రంజీ గెలవడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 1986-87లో ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో, ఢిల్లీ మీద, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో. ఇక మూడోది లేదు. మధ్యలో అంకెలకు మాత్రం కొదవలేదు. 1994లో ఆంధ్ర మీద 6 వికెట్లకు 944, అందులో ఎం.వి. శ్రీధర్‌వి 366. ముప్పై ఏళ్ళ తర్వాత 2024లో, జట్టు ప్లేట్ విభాగానికి జారిపోయి ఉండగా, తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద మళ్ళీ సరిగ్గా 366! విచిత్రమైన కాకతాళీయం. కానీ ఆ రెండు 366లనూ కలిపినా నాకు ఐబారా 137 పక్కన తూగవు. ఇది నా పక్షపాతమే అనుకోండి.

నాగోలులో మెట్రో ఎక్కితే రెండో స్టేషను పేరు 'స్టేడియం'. మొన్నొక ఉదయం నా పక్కన కిట్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పన్నెండేళ్ళ కుర్రాడు కూర్చున్నాడు. ఊరుకోలేక ఈ కథంతా మొదలుపెట్టాను. ఉప్పల్ దాటేసరికి 113 ఆలౌట్ దగ్గరికి వచ్చాం.

"ఓడిపోయార్రా అనుకుంటున్నావు కదూ?" అన్నాను.

"లేదంకుల్, ఇంకో ఇన్నింగ్స్ ఉంది కదా!" అన్నాడు.

స్టేషను వచ్చేస్తోంది. మిగిలింది గబగబా చెప్పేశాను. తలుపులు తెరుచుకున్నాయి. దిగబోతూ వెనక్కి తిరిగి, "పదకొండో బ్యాట్స్‌మన్ ఎన్ని కొట్టాడంకుల్?" అని అడిగాడు.