మంగళవాడలో ఓనమాలు

కర్ణాటకలోదే అయినా పావగడ తాలూకాకు దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. ఆ తాలూకాలోని మంగళవాడలో మా మేనల్లుడు బల్లమీద తానే బిగించుకున్న చిన్న సి.ఎన్.సి. యంత్రం చూపించాడు. ఒక చట్రం, మూడు దిక్కులకూ మూడు స్టెప్పర్ మోటార్లు, అవి తిప్పే మరకడ్డీలు, చెక్కే స్పిండిల్, ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ బోర్డు. అంతే!

"మోటారు ఒక చుట్టు తిరగడానికి 200 అడుగులు మామా. మధ్యలో తప్పినా దానికి తెలీదు" అన్నాడు.

మా లెడ్జరులో తప్పుగా ఎత్తిరాసిన నిల్వ లాగే!

పాత తలుపు చెక్కమీద వాళ్ళ అవ్వ పేరు చెక్కమన్నాను. వాడు చదివింది కన్నడం. తెలుగు మాట్లాడతాడు గాని, చదవలేడు. అక్షరాలు నేనే రాసిచ్చాను.

సగంలో మరకడ్డీ బిగువు సడలింది. అక్కణ్ణించి అక్షరాలన్నీ పక్కకు జరిగాయి. ఉన్నది ఆ చెక్క ఒక్కటే.

వాడు వంకర ఒత్తును వేలితో తడిమి, "ఇదేం అక్షరం మామా?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఓనమాలు మొదలుపెట్టాం.