ఒక గొంతు – ఒక గిటారు

పాటకు మాటలు కూర్చేవారు ఒకరు, బాణీ కట్టేవారు మరొకరు, పాడేవారు వేరొకరు కావడం సినిమా పాటతో మనకు అలవాటైన పద్ధతి. మాటను, స్వరాన్ని ఒక్కరే కూర్చి పాడితే ఆ వ్యక్తిని మన పూర్వులు వాగ్గేయకారుడని గౌరవించారు. పదమూడవ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో పాటలోని సాహిత్యాన్ని ‘మాతువు’ అనీ, స్వరరచనను ‘ధాతువు’ అనీ వ్యవహరించి, రెండింటినీ కూర్చగలవాడు వాగ్గేయకారుడని నిర్వచించాడు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఆ కోవకు చెందినవారు. ఈ ప్రతిభ ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క కాలానికో దక్కిన సొత్తు కాదు. 1988లో తన తొలి ఆల్బమ్‌తో లోకానికి పరిచయమైన అమెరికన్ గాయని ట్రేసీ చాప్‌మన్ అందుకు నిదర్శనం.

ట్రేసీ 1964 మార్చి 30న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించింది. కూతురికి మూడేళ్లున్నప్పుడే ఆమెకు సంగీతంపై గల ఆసక్తిని గుర్తించిన తల్లి, ఉకులేలే అనే నాలుగు తీగల చిన్న వాద్యాన్ని కొనిచ్చింది. మరుసటి ఏడాదే తల్లిదండ్రులు విడిపోగా ఇద్దరు ఆడపిల్లల పోషణ భారం తల్లిపైనే పడింది. ఇంట్లో లేమి ఉన్నా పాట ఆగలేదు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ట్రేసీ గిటారు వాయిస్తూ సొంతంగా పాటలు కట్టసాగింది. ‘ఎ బెటర్ ఛాన్స్’ అనే సంస్థ ద్వారా లభించిన ఉపకారవేతనం ఆమెను కనెక్టికట్ రాష్ట్రంలోని వూస్టర్ పాఠశాలకు చేర్చింది. అనంతరం బోస్టన్ సమీపంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆమె మానవశాస్త్రం అభ్యసించింది. ఆ రోజుల్లో కేంబ్రిడ్జ్ పట్టణంలోని వీధికూడళ్లలో, కాఫీ హోటళ్లలో గిటారు పట్టుకొని పాడేది. ఆ పాటలు విన్న బ్రయాన్ కోపెల్‌మన్ అనే సహవిద్యార్థి, సంగీత ప్రచురణ రంగంలో ఉన్న తన తండ్రికి ఆమెను పరిచయం చేశాడు. దాని ఫలితంగా ఎలెక్ట్రా అనే రికార్డుల సంస్థతో ఆమెకు ఒప్పందం కుదిరింది.

ఆ కాలపు పాశ్చాత్య జనప్రియ సంగీతంలో సింథసైజర్ల ఘోష, యంత్రాలు పుట్టించే డ్రమ్స్ మోత రాజ్యమేలుతుండేవి. అటువంటి సమయంలో ఒక కొత్త గాయని, ఒక గిటారు తప్ప మరే హంగూ లేని పాటలతో ముందుకు రావడం వ్యాపారరీత్యా సాహసమే. నిర్మాణ బాధ్యత వహించిన డేవిడ్ కెర్షెన్‌బామ్ ఆ నిరాడంబరతనే ఆల్బమ్‌కు ప్రాణంగా గ్రహించాడు. 1987లో హాలీవుడ్‌లోని స్టూడియోలో రికార్డింగు జరిగినప్పుడు గొంతును, గిటారును ముందు నిలిపి, తక్కిన వాద్యాలను వాటికి తోడుగా మాత్రమే ఉంచాడు. క్షేమేంద్రుడు కావ్యానికి జీవితమని చెప్పిన ఔచిత్యం ఇక్కడ పాటకూ వర్తించింది. ఏది చేర్చాలో తెలియడం నేర్పు. ఏది చేర్చకూడదో తెలియడం అంతకు మించిన నేర్పు. పదకొండు పాటలు, సుమారు ముప్పై ఆరు నిమిషాల నిడివి గల ఆ ఆల్బమ్ 1988 ఏప్రిల్‌లో విడుదలైంది. దానికి గాయని పేరే శీర్షిక అయింది.

ఈ పాటల్లో వినిపించేది సామాన్యుల బతుకు. ‘ఫాస్ట్ కార్’ అనే పాటలో ఒక యువతి తన కథ చెప్పుకొంటుంది. తండ్రి తాగుడుకు బానిస. తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. తండ్రిని చూసుకోవడం కోసం ఆ అమ్మాయి చదువు మానేసింది. వేగంగా పోయే కారున్న ప్రియుడితో కలిసి ఊరు దాటితే జీవితం మారుతుందని ఆశపడింది. పట్టణం చేరింది, దుకాణంలో గల్లా దగ్గర ఉద్యోగం సంపాదించింది, సంసారభారం మోసింది. చివరికి ఆ ప్రియుడూ తండ్రి నడిచిన దారినే పట్టాడు. మొదట ఆశకు గుర్తుగా నిలిచిన కారు, చివరకు అతడిని వెళ్లిపొమ్మని చెప్పవలసిన సందర్భంలో మళ్లీ ప్రస్తావనకు వస్తుంది. ఒకే వస్తువు కథాగమనంలో అర్థం మార్చుకోవడం ఇందులోని కవితాశిల్పం. ఇది తన ఆత్మకథ కాదని ట్రేసీ చెప్పింది. తాను పెరిగిన పరిసరాల్లోని ఎందరి జీవితాలనో ఆమె ఒక గొంతులో పలికించింది.

‘బిహైండ్ ద వాల్’ అనే పాటలో గిటారు కూడా వినిపించదు. పక్కింటి గోడ వెనుక ప్రతి రాత్రీ ఒక స్త్రీ పెట్టే కేకలు, ఆలస్యంగా వచ్చి ఇంటి గొడవల్లో తాము కలుగజేసుకోలేమనే పోలీసులు, నిద్ర పట్టక వినేవారి నిస్సహాయత – ఇవన్నీ ఆ ఒంటరి గొంతే చెబుతుంది. వాద్యం మౌనం వహించడం వల్ల ఆ రాత్రి నిశ్శబ్దం శ్రోతకు అనుభవంలోకి వస్తుంది. ‘అక్రాస్ ద లైన్స్’ నగరాన్ని తెల్లవారి వీధులుగా, నల్లవారి వీధులుగా చీల్చిన గీతలను చూపుతుంది.

ఆల్బమ్ విడుదలైన తొలి దినాల్లో ట్రేసీ చిన్న సభల్లోనూ, ఇతర బృందాల కచేరీలకు ముందు పాడే గాయనిగానూ ప్రేక్షకుల ఎదుట నిలిచింది. 1988 జూన్ 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, దక్షిణాఫ్రికా చెరసాలలో ఉన్న నెల్సన్ మండేలా డెబ్బయ్యవ జన్మదినాన్ని పురస్కరించుకొని ఒక మహా సంగీతోత్సవం జరిగింది. అరవైకి పైగా దేశాల్లో అది ప్రసారమైంది. ట్రేసీ మధ్యాహ్నం తన వంతు పాటలు పాడి ముగించింది. సాయంకాలం సుప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ వేదిక ఎక్కవలసి ఉండగా, ఆయన వాద్యానికి అవసరమైన స్వరాలను నిక్షిప్తం చేసిన కంప్యూటర్ డిస్కు కనిపించలేదు. ఆయన కంటతడితో వెనుదిరిగాడు. ఆ ఖాళీని పూరించమని నిర్వాహకులు ట్రేసీని కోరారు.

డెబ్బై వేలకు పైగా జనం ఒక మహాగాయకుడి కోసం ఎదురుచూస్తున్న వేళ, ఇరవై నాలుగేళ్ల యువతి గిటారుతో ఒంటరిగా ఆ విశాలమైన వేదికపైకి వచ్చింది. ఆమె పాటకు యంత్రాలు అమర్చనక్కరలేదు, సహవాద్యకారులు కూడనక్కరలేదు. అందుకే క్షణాల్లో పాడగలిగింది. ‘ఫాస్ట్ కార్’ ఆ గుంపును నిశ్శబ్దం చేసింది. అంతవరకు కొరతగా తోచిన నిరాడంబరతే ఆనాడు ఆమెకు అండగా నిలిచింది. స్టీవీ వండర్ అదే సాయంత్రం తిరిగి వచ్చి పాడాడు. కాని మరునాటికి జనం నోళ్లలో నానిన కొత్త పేరు ట్రేసీ చాప్‌మన్. అనతికాలంలోనే ఆ ఆల్బమ్ అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ అమ్మకాల పట్టికలో ప్రథమ స్థానానికి చేరింది.

విశ్వ మానవ హక్కుల ప్రకటనకు నలభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ అదే ఏడాది సెప్టెంబర్ 2 నుంచి అక్టోబర్ 15 వరకు ‘హ్యూమన్ రైట్స్ నౌ!’ పేరిట ప్రపంచ సంగీతయాత్ర నిర్వహించింది. లండన్‌లో మొదలై బ్యూనస్ ఏరిస్‌లో ముగిసిన ఆ ఇరవై కచేరీల్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గేబ్రియల్, సెనెగల్ గాయకుడు యూసూ న్‌దూర్ వంటి అనుభవజ్ఞుల సరసన ట్రేసీ పాడింది. సెప్టెంబర్ 30న ఆ యాత్ర న్యూఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వచ్చింది. కొన్ని నెలల కిందట కాఫీ హోటళ్లలో వినిపించిన పాట ఆ విధంగా భారతదేశపు గడ్డపైనా పలికింది.

1989లో ట్రేసీకి ఉత్తమ నూతన కళాకారిణి పురస్కారంతో సహా మూడు గ్రామీ పురస్కారాలు లభించాయి. పాట ఆయుష్షు తేల్చేది మాత్రం కాలమే. 2023లో ల్యూక్ కోంబ్స్ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు ‘ఫాస్ట్ కార్’ను ఒక్క అక్షరమైనా పెద్దగా మార్చకుండా తిరిగి పాడాడు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఉత్తమ గీత పురస్కారం రచయిత్రిగా ట్రేసీకి దక్కింది. ఆ పురస్కారం పొందిన తొలి నల్లజాతి గీతకర్త ఆమే. 2009లో చివరి పర్యటన ముగించి చాలాకాలం వేదికలకు దూరంగా ఉన్న ట్రేసీ, 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదికపై ఆ యువగాయకుడితో కలిసి అదే పాట పాడింది. ముప్పై ఆరేళ్ల కిందట వెంబ్లీలో మోగిన స్వరాలే గిటారుపై మోగాయి. కోంబ్స్ ఆ పాటను చిన్ననాట తన తండ్రి ట్రక్కులో విన్నాడు. గీతకర్త క్లీవ్‌లాండ్ పేదవాడల జీవితం నుంచి తీసిన మాటలు, వేరొక జాతి, వేరొక తరం గాయకుడికి సొంత మాటలయ్యాయి. మాతువు సత్యమై, ధాతువు దానికి తగినదైతే పాట ఎంత దూరం ప్రయాణించగలదో ఆ తొలి ఆల్బమ్ నేటికీ చాటుతూనే ఉంది.