లద్దాఖ్ దారికి మొదటి సామాను

ఆదిలాబాద్, నిర్మల్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం పట్టణాలను కలుపుతూ సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ దాకా వెళుతుంది. అక్కడి నుండి 1వ నంబరు జాతీయ రహదారి జోజీలా కనుమ ఎక్కి, ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్ పట్టణం చేరుతుంది. హైదరాబాదు నుండి లేహ్‌కు ఈ దారిన సుమారు 2,800 కిలోమీటర్లు. ఇంత దూరానికీ దాదాపుగా రెండే రహదారులు. మన వాకిటి ముందు నుండి పోయే దారి మంచు కొండల దాకా వెళుతుందని తెలిసిన యువకుని మనసు ఊరుకుంటుందా? ఏటా జూన్ మొదలు సెప్టెంబరు వరకు మన ఊళ్ల నుండి కూడా మోటారు సైకిళ్లకు సంచులు కట్టుకుని లద్దాఖ్ బయలుదేరేవారు కనబడుతున్నారు.

ఇలాంటి ప్రయాణం మాట రాగానే మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. పిల్లవాడు "వెళతాను" అంటాడు, పెద్దలు "వద్దు" అంటారు. ఈ రెంటి మధ్య "ఎలా వెళతావు?" అనే మూడో మాట ఒకటి ఉంది. దాన్ని ఎవరూ నిదానంగా కూర్చుని అడగరు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. లద్దాఖ్ ప్రయాణానికి మొదటి సామాను బండి కాదు, డబ్బు కూడా కాదు. రోజులు. రోజులు చాలినన్ని లేనివాడు ఎంత ఖరీదైన బుల్లెట్ బండి ఎక్కినా అక్కడ నిరుపేదే.

ఎత్తు అనే లెక్క

హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలో మన శరీరానికి అందే ప్రాణవాయువు మన మైదానాలలో అందేదానిలో మూడింట రెండు వంతులే. లేహ్‌కు ఉత్తరాన, నుబ్రా లోయకు దారి తీసే ఖర్దుంగ్‌లా కనుమ 5,359 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అందేది సగానికి కాస్త ఎక్కువ. లద్దాఖీ భాషలో 'లా' అంటే కనుమ అని అర్థం. జోజీలా, ఫోతులా, బారాలాచాలా అన్న పేర్లన్నిటిలో ఆ మాటే ఉంది.

ఈ లోటుకు అలవాటు పడటానికి శరీరానికి వ్యవధి కావాలి. వయసు, కండబలం, వ్యాయామం ఇక్కడ పూచీ పడవు. పాతికేళ్ల పహిల్వాను మంచం పట్టవచ్చు, అతని పక్కనే అరవై ఏళ్ల వృద్ధుడు హాయిగా తిరగవచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం మొదటి సూచనలు. ఇవి కనబడితే ఉన్నచోటనే ఆగాలి, పైకి వెళ్లకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వచ్చినా, దగ్గు ఆగకున్నా, అడుగులు తడబడినా, మాట పొంతన తప్పినా అది ప్రాణాపాయం. అప్పుడు తెల్లవారేదాకా వేచి ఉండరాదు. వెంటనే కిందికి దిగాలి, వైద్యుని చేరాలి. ప్రాణవాయువు సిలిండరు, మందులు సహాయపడతాయి గానీ అసలు చికిత్స కిందికి దిగడమే. ముందు జాగ్రత్తగా వేసుకునే మాత్రలు ఉన్నాయి. కొందరికి అవి పడవు కనుక వైద్యుని అడగకుండా వాడరాదు.

వైద్యులు చెప్పే సూత్రం చిన్నది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి పైకి ఎక్కకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లివచ్చామన్న దానికన్నా రాత్రి ఎక్కడ నిద్రించామన్నదే ముఖ్యం.

పదహారు రోజుల కాగితం

మా మదరసాలో చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు, ఇద్దరు మిత్రులతో కలిసి ఈ ప్రయాణం తలపెట్టాడు. అతని తల్లి మా ఇంటికి వచ్చి మా ఇంట్లోవారి దగ్గర కూర్చుని, "హజ్రత్‌ మాట వాడు కాదనడు. ఆగమని చెప్పించండి. వాళ్ల అబ్బా పోయాక నాకు వాడొక్కడే ఆసరా" అని కన్నీళ్లు పెట్టుకున్నారు. నేను అతణ్ణి పిలిపించాను. ఆగమని చెప్పలేదు. ప్రయాణ పథకం రాసిన కాగితం తెమ్మన్నాను.

సెలవు పదహారు రోజులు. హైదరాబాదు నుండి బండ్ల మీదనే వెళ్లి బండ్ల మీదనే తిరిగి రావాలి. మనాలీ మీదుగా ఎక్కాలి. ఖర్దుంగ్‌లా, పాంగాంగ్ సరస్సు, 5,798 మీటర్ల ఎత్తున ఉన్న ఉమ్లింగ్‌లా, అన్నీ చూడాలి. రానూపోనూ 5,600 కిలోమీటర్లు, లద్దాఖ్‌లో తిరిగేది మరో వెయ్యి. మొత్తం 6,600. పదహారుతో భాగించమన్నాను. రోజుకు 412 కిలోమీటర్లు వచ్చింది. కొండ దారిలో రోజుకు 200 కిలోమీటర్లు నడపడమే ఎక్కువ. "జ్వరం వచ్చిన రోజు ఏది? కొండచరియ విరిగి దారి మూసుకుపోయిన రోజు ఏది? లేహ్‌లో ఊరకే పడుకునే రెండు రోజులు ఏవి?" అని అడిగాను. కాగితంలో వాటికి చోటు లేదు.

"రోజులైనా పెంచు, గమ్యమైనా తగ్గించు" అన్నాను. రెండూ చేశాడు. ఉమ్లింగ్‌లా, పాంగాంగ్ కొట్టివేశాడు. బండ్లను ఢిల్లీ దాకా రైలు పార్సిల్‌లో పంపాలని నిర్ణయమైంది. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి, ఆర్‌సీ నకలు ఇచ్చి, గోనె చుట్టిస్తే రైల్వేవారు తీసుకుంటారు. ఢిల్లీ నుండి శ్రీనగర్, కార్గిల్, లేహ్, నుబ్రా, మనాలీ, తిరిగి ఢిల్లీ. అన్నీ కలిపి 19 రోజులు. వాటికి ఏ పనీ లేని మూడు రోజులు చేర్చాం. 22 రోజుల సెలవు దొరికేదాకా, అంటే సెప్టెంబరు దాకా ఆగమన్నాను.

ఎక్కే దారి, దిగే దారి

లేహ్‌కు ప్రధానమైన దారులు రెండు. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. సోనామార్గ్ 2,700, కార్గిల్ సుమారు 2,680. మధ్యలో 3,528 మీటర్ల జోజీలా దాటినా రాత్రి నిద్ర కిందనే. ఫోతులా 4,108 మీటర్లు ఉన్నా అదీ పగటి పూట దాటిపోయేదే. కార్గిల్‌లో మరొక రోజు ఆగితే ఇంకా మంచిది. మనాలీ దారి అటువంటిది కాదు. 2020లో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల ఆ ప్రయాణం సులువైంది గానీ, ముందుకు పోతే బారాలాచాలా 4,890 మీటర్లు, యాత్రికులు రాత్రి గడిపే సర్చూ దాదాపు 4,300 మీటర్లు. మైదానం నుండి వచ్చినవాడు రెండో రాత్రికే సర్చూలో పడుకుంటే ఆ రాత్రి అతనికి నిద్ర ఉండదు. అందుకే శ్రీనగర్ మీదుగా ఎక్కి, శరీరం అలవాటు పడ్డాక మనాలీ మీదుగా దిగడం మేలు.

కాలం విషయం కూడా గమనించాలి. జూలై, ఆగస్టు నెలల్లో హిమాచల్ వైపు వానలకు కొండచరియలు విరిగిపడతాయి. లద్దాఖ్ వానలు తక్కువ పడే ఎడారి సీమే. అయినా 2010 ఆగస్టు 5 రాత్రి అక్కడ కుంభవృష్టి కురిసి వరదలో 200 మందికి పైగా మరణించారు. దారిని అడ్డుగా కోసుకుపోయే మంచునీటి వాగులు ఉదయం పలచగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. కనుక ఫజ్ర్ కాగానే బయలుదేరి, అస్ర్ వేళకు బస చేరడం ఆ దారిలో ఆరోగ్యకరమైన అలవాటు.

బండి, కాగితాలు, ఫోను

బయలుదేరే ముందు బండికి చెయిన్, బ్రేకులు, టైర్లు కొత్తవి వేయించుకోవాలి. క్లచ్ వైరు, యాక్సిలరేటరు వైరు, స్పార్క్ ప్లగ్గు, ట్యూబు, పంక్చరు సామాను వెంట ఉండాలి. వాటిని బిగించడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడాలి. గాలి పలచబడేకొద్దీ ఇంజను కూడా మనిషి లాగే నీరసిస్తుంది. కనుక బరువు తగ్గించాలి. మనాలీ దారిలో టాండీ దగ్గరి పెట్రోలు బంకులో తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉందని హెచ్చరించే బోర్డు ఎంతో కాలంగా ప్రసిద్ధి. పెట్రోలు విషయంలో "దొరుకుతుందిలే" అనుకోవడానికి అక్కడ వీలు లేదు.

బండి నడిపేవారి పేరుతోనే ఉండటం మంచిది. బయటి రాష్ట్రాలలో అద్దెకు తీసుకున్న బండ్లను లద్దాఖ్ లోపల తిరగనివ్వరు. సరిహద్దు ప్రాంతాలకు వెళ్లే నిబంధనలు, రుసుములు మారుతూ ఉంటాయి కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. మన ప్రాంతంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ కొడుకు ఫోను మూడు రోజులు మోగకపోతే ఇంట్లో తల్లి ఏమవుతుందో ఆలోచించండి.

బిడారుల పట్టణాలు

కొన్నేళ్ల క్రితం నేను శ్రీనగర్ నుండి బస్సులో ఈ దారినే లేహ్ వెళ్లాను. బస్సు రాత్రి కార్గిల్‌లో ఆగింది. సూరూ నది హోరు వింటూ ఇషా చదువుకున్నాం. మధ్య ఆసియా వర్తకపు బిడారులు ఆగిన ఊరది. 1920 నాటి ఒక సరాయిలో దొరికిన ఆనాటి సరుకులు ఇప్పుడు మున్షీ అజీజ్ భట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. కుర్రాళ్లు ఫోటోల కోసం కనుమల మీద ఆగినంతసేపు ఇక్కడా ఆగాలి.

లేహ్ బజారులో పదిహేడో శతాబ్దపు జామె మస్జిద్ ఉంది. యార్కంద్, కాష్గర్ నుండి కారాకోరం కనుమ దాటి వచ్చిన బిడారులు ఈ పట్టణంలోనే సేదతీరేవి. హజ్ యాత్రికులు కూడా ఈ దారిన దిగి, బొంబాయి చేరి ఓడ ఎక్కేవారు. లేహ్‌కు చెందిన గులామ్ రసూల్ గల్వాన్ పేద ఇంట పుట్టి, బిడారులలో కూలీగా మొదలై, బిడారు నాయకుడయ్యాడు. ఆయన ఆత్మకథ 1923లో పుస్తకంగా వచ్చింది. గల్వాన్ నదికి ఆయన పేరే మిగిలింది. ఆ రోజుల్లో గడ్డిపోచ మొలవని ఎత్తుల మీద గుర్రాల మేత కూడా మోసుకుపోవలసి వచ్చేది. లెక్క తప్పిన బిడారుల గుర్రాల ఎముకలు ఆ దారి పొడవునా పడి ఉండేవి. ఎత్తు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మనం గుర్రాన్ని మార్చాము, అంతే.

అమీర్ మాట

ముగ్గురు కలిసి ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఈ బోధన విలువ కొండ దారిలో తెలుస్తుంది. తలనొప్పి ఉన్నవాడు మిత్రుల ఎదుట చులకన అవుతానని దాచుకుంటాడు. మిగతావారు కనుమ చూడాలనే తొందరలో అడగరు. "ఇక్కడితో ఆగుదాం" అని చెప్పే అధికారం ఒకరికి ముందే ఇచ్చి ఉండాలి. అమీర్ కావలసినవాడు బాగా బండి నడిపేవాడు కాదు, వెనక్కి తిరగడానికి సిగ్గుపడనివాడు.

ఇబాదత్ విషయంలో షరీఅత్ బాటసారికి వెసులుబాటు ఇచ్చింది. నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చదవవచ్చు. మన హనఫీ మస్లక్ ప్రకారం ఒకే ఊళ్లో పదిహేను రోజులకు తక్కువ ఉండదలచినంత కాలం ఈ సౌకర్యం ఉంటుంది. నియమాలకు తగిన తోలు మేజోళ్లను వుజూతో తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్లు, మూడు రాత్రులు వాటిపై మసహ్ చేసుకోవచ్చు. గడ్డకట్టే నీటి దగ్గర ఇది ఎంత కరుణో అక్కడ తెలుస్తుంది.

ఆ ముగ్గురూ వెళ్లారు. లేహ్‌లో రెండో రాత్రి వారిలో ఒకరికి తలనొప్పి, వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టి, కొన్నాళ్లు పైకి వెళ్లవద్దన్నారు. అమీర్‌గా ఉన్న మా శిష్యుడు ఖర్దుంగ్‌లా మానుకున్నాడు. సర్చూలో పడుకోవలసి వస్తుందని మనాలీ దారి కూడా వదిలి, ఖాళీగా ఉంచుకున్న మూడు రోజులు లేహ్‌లోనే గడిపి, వచ్చిన దారినే నెమ్మదిగా దిగారు. ఏ కనుమ కోసం ఏడాది పాటు కలలు కన్నారో దాన్ని చూడలేదు. ప్రతి మగ్రిబ్ తరువాత తల్లికి ఫోను మాత్రం తప్పలేదు.

పాఠకులారా, మీ ఇంట్లో ఎవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే కోప్పడకండి, కాగితం అడగండి. ఏ రాత్రి ఏ ఎత్తున నిద్ర? ఖాళీ రోజులెన్ని? అమీర్ ఎవరు? ఏ సూచన కనబడితే వెనక్కి తిరుగుతారు? ఈ నాలుగింటికి జవాబులు ఇంటి నుండి బయలుదేరేముందే రాసి ఉండాలి. ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్ అని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతున్నాం. రోజులు లెక్కగా కట్టుకోవడం కూడా ఒంటెను కట్టడమే. ఆపై దుఆ చేసి సాగనంపండి. కొండలు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. మన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరితే, ఇన్షా అల్లాహ్, వాటిని మరోసారి చూడవచ్చు.