రెండు బైట్ల పేచీ

నవంబరు 30, 2009, సోమవారం. మహబూబ్‌నగర్

కాలేజీ బంద్. తెలంగాణ కోసం నిరాహార దీక్షకు బయలుదేరిన కేసీఆర్‌ను నిన్న అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తీసుకుపోయారు. క్లాక్ టవర్ దిక్కు దుకాణాలు తెరవలేదు.

ఇంట్లో కూర్చున్నా మనసంతా ల్యాబు మీదే ఉంది. రెండు ల్యాబుల నడుమ ఒక పాత పెంటియం త్రీ మిషన్ ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. ఇటు ప్యాకెట్ అటు, అటుది ఇటు దాటించడమే దాని పని. అక్టోబరు వానల్లో పిడుగు పడి దాని నెట్‌వర్క్ కార్డులు రెండూ పోయాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అగ్గువకు దొరికాయని వేరే రెండు తెచ్చి పెట్టాను. చిప్పు రియల్‌టెక్ 8139. సీడీ ఏమీ వెయ్యకుండానే ఆర్‌ఎల్0, ఆర్‌ఎల్1 అని పేర్లు వచ్చి లింకు వెలిగింది.

కానీ పిల్లలు నలుగురు ఒక్కసారి అవతలి సర్వర్ నుంచి సీడీ ఇమేజ్ కాపీ పెడితే చాలు, ప్రాసెసర్ సమయం ఎటు పోతుందో చూపే 'టాప్'లో ఇంటరప్ట్ పక్కన అంకె ఎగబాకుతుంది. కీబోర్డు నొక్కినా పలకదు. పాత కార్డులతో ఈ బాధ లేదు. వైరు, స్విచ్ బాగానే ఉన్నాయి. మిగిలింది కార్డు, దాన్ని నడిపే డ్రైవర్. డ్రైవర్ సోర్సు ఎట్లాగూ చేతిలోనే ఉంది.

డిసెంబరు 2, బుధవారం

ఆర్‌ఎల్ డ్రైవర్ ఫైలు చదవడం మొదలుపెట్టాను. రాసినవాడు బిల్ పాల్, కొలంబియా యూనివర్సిటీ మనిషి. 1998లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 3.0 నుంచి ఇది ఉంది. ఫైలు మొదట్లోనే ఈ చిప్పును కడుపారా తిట్టాడు. తిట్టి వదిలెయ్యలేదు, ప్రతి తిట్టుకూ కారణం రాసి పెట్టాడు.

ముందు ప్యాకెట్ వచ్చే దారి. మంచి కార్డుకైతే కెర్నెల్ ఒక పట్టిక ఇస్తుంది: ఈ ప్యాకెట్ ఈ చోట పెట్టు, తరువాతది ఆ చోట పెట్టు అని. కార్డు నేరుగా అక్కడే పెడుతుంది, కెర్నెల్ దాన్ని కదిలించకుండా వాడుకుంటుంది. 8139కి పట్టికలు తెలియవు. దానికి ఒకటే పొడుగు బఫర్ కావాలి: 8, 16, 32, లేదంటే 64 కిలోబైట్లు. వచ్చిన ప్యాకెట్లన్నీ అందులో ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ప్రతి ప్యాకెట్ ముందు 4 బైట్ల తలకట్టు, అందులో స్థితి, పొడవు. డ్రైవర్ ఆ పొడవు చూసి, అంత మేర వేరే చోటికి కాపీ చేసుకోవాలి. బఫర్ కొసన ప్యాకెట్ సగం ఇక్కడ, సగం మొదట్లో పడితే రెండు ముక్కలుగా తెచ్చి కలపాలి.

అంటే వచ్చిన ప్రతి బైటునూ ప్రాసెసర్ ఒకసారి మోయాల్సిందే.

డిసెంబరు 4, శుక్రవారం

ఫైనల్ ఇయర్ పిల్లగాడు ఫోన్ చేశాడు. "సార్, గా కార్డులు తీసి పారేసి ఇంటెల్‌వి పెడితే అయిపోతది గద?"

"పెడ్తం రా. ముందు ఈటికి ఏం రోగమో జూద్దం."

ఇవాళ పంపే దారి చదివాను. 8139లో పంపడానికి ఉన్నవి నాలుగంటే నాలుగు గదులు, వంతులవారీగా వాడాలి. ఒక్కో ప్యాకెట్ మెమరీలో ఒకే ముక్కగా ఉండాలి. అది మొదలయ్యే చిరునామా నాలుగుతో భాగించబడాలి.

ఇక్కడే అసలు పేచీ. ఈథర్‌నెట్ తలకట్టు 14 బైట్లు, దాని వెనకే ఐపీ తలకట్టు. ఐపీది నాలుగుతో భాగించబడే చోట మొదలైతే కెర్నెల్‌కు సులువు. అందుకని ప్యాకెట్ తీసుకునేటప్పుడు డ్రైవర్ ముందు రెండు బైట్లు ఖాళీ వదిలి కాపీ చేస్తుంది. 2, 14 కలిపి 16, లెక్క కుదిరింది. అదే ప్యాకెట్‌ను అవతలి కార్డు గుండా పంపాలంటే? అది మొదలయ్యేది రెండో బైటు దగ్గర. 8139 ఒప్పుకోదు. మళ్లీ కాపీ.

ఇవతల కుదిర్చిన రెండు బైట్లే అవతల అడ్డం తిరిగాయి. మా మిషన్ పనే దాటించడం గనుక ప్రతి ప్యాకెట్‌కూ రెండు మోతలు. మామూలు ల్యాబు కంప్యూటర్‌లో ఈ బాధ కనబడదు. దానికి వచ్చింది దానిదగ్గరే ఆగుతుంది, పైగా దాని ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగా ఉంటుంది.

డిసెంబరు 6, ఆదివారం

ఇంకో చిన్న జాగ్రత్త కంటపడింది. ఈథర్‌నెట్ ఫ్రేమ్ 64 బైట్లకు తగ్గకూడదు. ప్యాకెట్ చిన్నదైతే మిగతాది నింపాలి. చాలా కార్డులు తామే నింపుకుంటాయి, ఈ చిప్పు ఆ పనీ డ్రైవర్‌కే వదిలేసింది. ఇక్కడ డ్రైవర్ సున్నాలు రాసి నింపుతుంది. ఇట్లా చెయ్యని డ్రైవర్లు చాలానే ఉండేవని 2003లో బయటపడింది. వాటిలో పాత మెమరీలో ఏది ఉంటే అదే ఫ్రేముతోపాటు వైరు మీదికి పోయేది. అది ఎవరి పాస్‌వర్డ్ ముక్కైనా కావచ్చు.

డిసెంబరు 8, మంగళవారం

అటెండర్ తాళం తీశాడు. "ఎవ్వలు లేరు గద సార్, ఏం జేస్తరు?" అన్నాడు. ఎవరూ లేకపోవడమే మంచిది.

ఇంటరప్ట్, అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే పిలుపు, దాని సంగతి చూడాలి. వంద మెగాబిట్ లైను మీద నిండు ఫ్రేములు సెకనుకు 8,127 దాకా వస్తాయి. 64 బైట్లవైతే 1,48,809. ప్రతిదానికీ కార్డు పిలవడం, ప్రాసెసర్ చేతిలో పని వదిలి రావడం మొదలైతే, చివరికి పిలుపు అందుకోవడం తప్ప ఇంకే పనీ సాగదు. మొగల్, కె.కె. రామకృష్ణన్ 1996లో రాసిన పత్రం ఈ జబ్బు గురించే. ఫ్రీబీఎస్‌డీలో దీనికి పీసా యూనివర్సిటీ లుయీజి రిజ్జో రాసిన మందు పోలింగ్. కార్డు పిలవకూడదు, కెర్నెలే సెకనుకు వెయ్యిసార్లు పోయి చూసి వస్తుంది. ఒక మిల్లీసెకనులో ఆ లైను మీద వచ్చేది మహా అయితే 12.5 కిలోబైట్లు. 16 కిలోబైట్ల బఫరైనా నిండదు.

పోలింగ్ చేర్చి కెర్నెల్ మళ్లీ కంపైల్ పెట్టి వచ్చాను. పాత మిషన్, రాత్రంతా పడుతుంది.

డిసెంబరు 10, గురువారం

నిన్న అర్ధరాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన. పొద్దుటిదాకా పటాకులు. వీధంతా గులాల్. రంగు చేతులతోనే ల్యాబుకు పోయాను.

కొత్త కెర్నెల్‌తో బూట్ చేసి, రెండు కార్డులకూ పోలింగ్ పెట్టి, అవే కాపీలు నడిపించాను. కీబోర్డు వెంటనే పలుకుతోంది. పోలింగ్ మామూలు ప్రోగ్రాములకు సగం సమయం వదిలిపెడుతుంది కదా. కానీ ఫైళ్లు దాటే వేగం పెద్దగా పెరగలేదు. పిలుపులు ఆగాయి, మోత మాత్రం ఆగలేదు. ఆ మోత చిప్పు అల్లికలోనే ఉంది, దాన్ని ఏ సెట్టింగూ తియ్యదు. తయారీలో మిగిల్చుకున్న పైసలు ఇక్కడ ప్రాసెసర్ కడుతోంది.

ఇండెంట్ రాశాను: నడిమి మిషన్‌కు ఇంటెల్ ప్రో/100 కార్డులు రెండు. వాటిని నడిపేది ఎఫ్‌ఎక్స్‌పీ డ్రైవర్, అది పట్టికల పద్ధతిలో పనిచేస్తుంది. తీసిన 8139లు పారెయ్యొద్దు, పోర్టులు కాలిన ల్యాబు కంప్యూటర్లకు పెట్టాలి. అక్కడ అవి చక్కగా నడుస్తాయి.

తరగతులు మొదలయ్యాక డివైస్ డ్రైవర్ పాఠంలో నిర్వచనం చెప్పి ఊరుకోను. ప్యాకెట్ తీసుకునే ఫంక్షన్, పంపే ఫంక్షన్ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఆ రెండు బైట్లు ఎక్కడ అడ్డం తిరుగుతాయో పిల్లలనే వెతకమంటాను.