సీటు వెనక ట్యాంకు

"పెట్రోలు ట్యాంకు ఎక్కడుందిరా?" అన్నాడు బాబాయి.

"సీటు వెనకాల."

"సీటు వెనకాలంటే, తొట్టి కిందా?"

"కాదు బాబాయ్, క్యాబిన్‌లోనే. నా వీపుకీ ట్యాంకుకీ మధ్య సీటు ఒక్కటే అడ్డం."

వాట్సాప్‌లో బాబాయి ముఖం కాసేపు కదల్లేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. ఆగలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు షెడ్డు నడిపిన మనిషి. పెట్రోలు అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు, జీపుల్లో మెటడోర్ ఇంజన్లు ఎన్ని దించి ఎన్ని ఎక్కించాడో ఆయనకే లెక్క లేదు. "ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బిందె దింపు" అని ఫోన్ పెట్టేశాడు.

బండి 1972 నాటి షెవర్లే సీ-10 పికప్. డాలస్‌కి ఉత్తరాన మేముండే పేటలో నా ఈడు తెలుగువాళ్ళంతా కరెంటు కార్లు కొనుక్కుంటున్న ఏడాది, నేను రెండు వీధుల అవతలి పెద్దాయన దగ్గర దీన్ని కొన్నాను. కారణం ఏమిటంటే ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. చూద్దామని ఎక్కి కూర్చున్నప్పుడు గేరు రాడ్డు స్టీరింగు పక్కనే తగిలింది, నాన్నగారి అంబాసిడర్‌లో లాగా. చెయ్యి దానంతటదే అటు పోయింది. అంబాసిడర్‌కి నాలుగు గేర్లు, దీనికి మూడే. ఆ మాట మా ఆవిడకి చెబితే "అందుకని కొన్నావా?" అంది. అందుకనే.

బానెట్ కింద వరసగా ఆరు సిలిండర్లు, 250 ఘనపుటంగుళాలు, అంటే నాలుగు లీటర్ల పైమాట. అంత పెద్ద ఇంజన్ ఇచ్చేది 110 హార్స్‌పవర్. బానెట్ ఎత్తితే ఇంజన్‌కి అటూ ఇటూ ఎంత ఖాళీ ఉందంటే, లోపలికి దిగి నిలబడి పనిచేసుకోవచ్చు. ఊళ్ళో తిరగడానికి బంగారం. హైవే ఎక్కి 70 మైళ్ళ వేగం అందుకుంటే మాత్రం ఇంజన్ నిమిషానికి 3,100 చుట్లు తిరుగుతూ గోల పెడుతుంది. పైన ఇంకో గేరు లేదు. ఏసీ లేదు. ఆగస్టులో డాలస్ రోడ్డు మీద ఇవి రెండూ లేకుండా ముప్పై మైళ్ళు వెళ్ళినవాడికి ఇంజన్ మార్చాలన్న ఆలోచన ఎందుకొచ్చిందని అడగనక్కర్లేదు.

ఇక్కడ ఈ పని చేసేవాళ్ళందరి నోటా వినిపించే మాట "ఎల్‌ఎస్". 1997 కార్వెట్‌తో జనరల్ మోటార్స్ మొదలుపెట్టిన వీ-8 కుటుంబం అది. 1999 నుంచి వాళ్ళ ట్రక్కుల్లోకీ వచ్చింది. ట్రక్కులవి చాలావరకు ఇనుప బ్లాకులు, బరువెక్కువే కాని మొండివి, తుక్కు యార్డుల్లో కుప్పలుగా దొరుకుతాయి. 5.3 లీటర్లది సుమారు 285 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని వెనక ఉండే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేరుబాక్సులో నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్, 0.70. అదే 70 మైళ్ళ దగ్గర ఇంజన్ 2,200 చుట్లతో సరిపెడుతుంది. అయితే 2007 తర్వాతి వాటి జోలికి పోదలుచుకోలేదు. వాటిలో చాలావాటికి పెట్రోలు ఆదా కోసం నడుస్తూండగానే సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటుంది, దానికి సంబంధించిన లిఫ్టర్లు పాడవుతాయని మెకానిక్కులు తలపట్టుకుంటారు.

స్టీరింగు గేరు కోసం కొని ఆటోమేటిక్ పెడతానంటావేమిటని మా ఆవిడ అడిగింది. దానికీ నా దగ్గర సమాధానం లేదు.

బాబాయికి ఈ ఇంజన్ ఫొటోలు పంపితే ఆయన మొదట వెతికింది డెల్కో కోసం. ఆటోనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ అని ఎవడూ అనడు, డెల్కో అంటారు. స్టార్టర్‌ని సెల్ఫ్ అంటారు. ఈ రెండు మాటలకీ మూలం ఒక్క మనిషేనని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఒహాయో రాష్ట్రం డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ 1909లో పెట్టిన కంపెనీ డెల్కో. హ్యాండిల్ తిప్పకుండా కారు దానంతటది స్టార్టయ్యే సెల్ఫ్ స్టార్టర్‌ని 1912 క్యాడిలాక్‌కి ఇచ్చింది వాళ్ళే. తర్వాత ఆ కంపెనీ జనరల్ మోటార్స్‌లో కలిసిపోయింది. ఆ జనరల్ మోటార్స్ చేసిన ఇంజన్‌లోనే డెల్కో లేదని, సిలిండర్‌కో కాయిల్ చొప్పున ఎనిమిది ఉన్నాయని చెబితే బాబాయి నొచ్చుకున్నాడు. "మరి టైమింగ్ ఎవడు చూస్తాడ్రా?" "కంప్యూటర్." "అది నీ డిపార్ట్‌మెంటు" అన్నాడు.

ఇంజన్ పెట్టడం ఒక పూట పని, దాన్ని బండిచేత ఒప్పించడం నెల పని అంటాడాయన. రాసుకుంటూ పోతే నాకూ అదే తేలింది. నోటుబుక్కులో ఇంజన్‌కి అర పేజీ సరిపోయింది, దాని చుట్టూ ఉన్నవాటికి పదకొండు పేజీలు. ఇంజన్ ఫౌండేషన్లు కొత్త చోటికి జరగాలి. ట్రక్కు ఇంజన్‌కి వచ్చే ఆయిల్ చాంబర్ లోతైనది, ఈ బండి క్రాస్ మెంబర్ కిందికి వేలాడుతుంది, పొట్టిది వెతకాలి. ఏసీ కంప్రెసర్ కుడిపక్క కింద ఉంటుంది, అది సరిగ్గా ఛాసిస్‌కి తగులుతుంది. గేరుబాక్సు పొడవు మారుతుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు కొలత మారుతుంది. పాత స్పీడోమీటర్‌కి తిరిగే కేబుల్ కావాలి, కొత్త గేరుబాక్సు ఇచ్చేది కరెంటు సంకేతం. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులున్నాయి (1971 నుంచి వీటికి అవి కంపెనీయే ఇచ్చింది) కాని బూస్టర్ లేదు. 110 హార్స్‌పవర్‌ని కాలి బలంతో ఆపుతున్నవాణ్ణి 285ని ఎలా ఆపుతాను?

ఇక ట్యాంకు. కార్బురేటర్‌కి అయిదారు పీఎస్ఐ ఒత్తిడి చాలు. ఈ ఇంజన్‌కి 58 కావాలి. అంటే ట్యాంకులోనే కరెంటు పంపు ఉండాలి, గొట్టాలన్నీ మారాలి. అంత ఒత్తిడితో పెట్రోలుని నా వీపు వెనక ఉంచుకోవడం గురించి బాబాయి అన్న మాటలు అచ్చువేయదగ్గవి కావు. 1973లో కొత్త ఆకారం వచ్చినప్పుడు కంపెనీ ట్యాంకుని క్యాబిన్‌లోంచి తీసి ఛాసిస్ పట్టీలకి బయటివైపు పెట్టింది. పక్కనుంచి గుద్దితే మంటలంటుకుంటున్నాయని అదీ ఏళ్ళ తరబడి గొడవై, 1994లో ప్రభుత్వంతో ఒప్పందం దాకా వెళ్ళింది. కాబట్టి నేను రెండూ కాదని, వెనక తొట్టి కింద, రెండు పట్టీల నడుమ కూర్చునే ట్యాంకు తెప్పించాను.

కాగితాల బాధ ఇక్కడ తక్కువ. మన దగ్గర ఇంజన్ మారితే ఆర్‌సీలో నంబరు మార్పించడానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇక్కడి టైటిల్ మీద బండి నంబరే. పాతికేళ్ళు దాటిన బండికి టెక్సస్‌లో పొగ పరీక్ష కూడా లేదు. కాలిఫోర్నియాలో అయితే 1975, అంతకు ముందు మోడళ్ళకే ఆ మినహాయింపు. అక్కడున్న మా పెద్దమ్మ కొడుకు 1985 బండితో ఇదే పని తలపెట్టి, నిబంధనలు చదివి, ఆ డబ్బుతో హవాయి వెళ్ళొచ్చాడు.

ఇంజన్ దొరకలేదా అంటే దొరికింది. ఊరవతల ఒక యార్డులో ఇంజన్, గేరుబాక్సు, వైరింగు, కంప్యూటర్ కలిపి 900 డాలర్లు. 5.3 అని చీటీ రాసిచ్చారు. తెచ్చి గరాజ్‌లో స్టాండు మీద పెట్టి బాబాయికి చూపించాను. బ్లాకు మీద పోతపోసిన అంకెలు చదవమన్నాడు. "4.8/5.3" అని ఉంది. రెంటికీ ఒకటే బ్లాకు, క్రాంకు వేరు. మామూలుగా ఇంజన్ దించిన బండి నంబరులో ఎనిమిదో అక్షరం చూస్తే తెలిసిపోతుంది. టీ అయితే 5.3, వీ అయితే 4.8. యార్డు చీటీ మీద ఆ నంబరు లేదు.

"ప్లగ్గు విప్పు. సన్నపుల్ల ఏదైనా ఉందా?"

కబాబులు గుచ్చుకునే వెదురుపుల్ల తెచ్చాను. ఒకటో సిలిండర్ ప్లగ్గు బెజ్జంలోంచి పిస్టన్‌కి తగిలేదాకా దింపి, క్రాంకుకి పొడుగు పానా వేసి మెల్లగా తిప్పాను. పుల్ల పైకి లేస్తూ, ఒకచోట ఆగి, మళ్ళీ దిగసాగింది. ఆగినచోట ఒక గీత, అడుక్కి వెళ్ళినచోట ఇంకో గీత. 5.3కి పిస్టన్ ప్రయాణం 92 మిల్లీమీటర్లు, 4.8కి 83. నా రెండు గీతల మధ్య స్కేలు పెడితే 84. మళ్ళీ చేశాను. 84.

"పుల్ల ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఒకటీ రెండూ తేడా రావచ్చు. ఎనిమిది రాదు" అన్నాడు బాబాయి.

"4.8 అయినా నాకు చాలేమో బాబాయ్."

"చాలు. కాని బయటి సంగతే అబద్ధం చెప్పినోడు, లోపల బేరింగులు బాగున్నాయంటే నమ్ముతావా?"

యార్డువాళ్ళు వెనక్కి తీసుకున్నారు. డబ్బివ్వలేదు. ఇంకో ఇంజన్ వచ్చినప్పుడు ఇస్తామని చీటీ రాసిచ్చారు. అది మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది.

వైరింగు మాత్రం ఉంచుకున్నాను, రెండు ఇంజన్లకీ పనికొచ్చేదే. ఇప్పుడది మా భోజనాల బల్ల మీద చిక్కుపడ్డ వలలా పరుచుకుని ఉంది. పాత ట్రక్కుకి తప్ప మన బండికి అక్కర్లేని తీగలు ఏరి తీసేయాలి. కంప్యూటర్‌లో దొంగతనం కాపలా ఒకటుంటుంది, దాన్ని ఆపకపోతే ఇంజన్ ఇలా అంటుకుని అలా ఆరిపోతుంది. రాత్రిపూట కూర్చుని ఒక్కో తీగకీ టేపు చుట్టి పేరు రాస్తున్నాను: గాలి, నీళ్ళ వేడి, ఆయిల్, క్రాంకు. తెలుగులోనే రాస్తున్నాను. మొదట సరదాకి రాశాను, తర్వాత బాబాయికి ఫోన్లో చూపించేటప్పుడు పనికొచ్చింది. ఆ లేబుళ్ళు చూసి మా తెలుగు సంఘంలో కవిత్వం రాసే మిత్రుడొకాయన, పాత ఒంట్లో కొత్త గుండె, ప్రవాసి బతుకంటే ఇదే కదా అని మొదలుపెట్టాడు. ఆయనకి కాఫీ ఇచ్చి, తీగల కొస పట్టుకోమన్నాను. పావుగంటలో వెళ్ళిపోయాడు.

పోయిన వారం బూస్టర్ బిగించాను. ఆ మర్నాడు సీటు విప్పి ట్యాంకు దింపాను. దాని వెనక గోడకి కుమ్మరి పురుగుల మట్టిగూళ్ళు వరసగా, మా విజయవాడ ఇంట్లో కిటికీ చట్రానికి ఉండేలాంటివే. గీకి, తుడిచి, తుప్పున్నచోట రంగేసి, కొత్త ట్యాంకు వెనక కింద బిగించాను. అందులో కరెంటు పంపుకి చోటుంది. ప్రస్తుతానికి పాత ఇంజన్ పంపే లాక్కుంటోంది.

బాబాయికి ఫోన్ చేసి చూపించాను. అటూ ఇటూ తిప్పమన్నాడు, గొట్టాల దగ్గర ఆపమన్నాడు, క్లిప్పులు లెక్కపెట్టాడు. "మరి సీటు వెనకంతా ఖాళీయేగా. ఏం పెడతావ్?"

శనివారం ఇండియన్ స్టోర్‌కి ఆ బండిలోనే వెళ్ళాం, ఊరి రోడ్ల మీదుగా, అద్దాలు దించుకుని. ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా నిలువుగా పెడితే సరిగ్గా సరిపోయింది.