ఇరువది డాలర్ల గాలపుకఱ్ఱ

అమెరికా దేశమునకు పోయివచ్చినవారు సామాన్యముగా నయాగరా జలపాతమును, న్యూయార్కు సౌధములను వర్ణింతురు. నేను వానిని చూడలేదు. నేను చూచినవి ఒక పెద్ద సరస్సు, పూడిపోయిన యొక మడుగు జాడ, ఒక చవుక గాలపుకఱ్ఱ. వానిని గూర్చియే వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము వేసవి సెలవులలో మా వారును నేనును జార్జియా రాష్ట్రమున కమ్మింగు అను పట్టణములో కాపురమున్న మా చెల్లెలింటికి పోయితిమి. మా వారు గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయులు. విమానపు టిక్కెట్లు మా మఱదిగారు సంక్రాంతినాటికే కొని పంపియుండిరి. అట్లాంటాలో దిగి, కారులో గంటకు పైగా పయనించి యిల్లు చేరితిమి. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు మిక్కిలిగా నున్నవి. రెండు మూడు గుమ్మములకు మామిడాకుల తోరణములు కనబడగా నాకు ప్రాణము లేచివచ్చినది. కాని చెల్లెలి యింట నేదో మౌనము. రాత్రి భోజనములైన పిదప నది నన్ను వంటయింటిలోనికి పిలిచి, "అక్కా, వారి యుద్యోగము పోయి నేటికి పది దినములైనది. చెప్పినచో మీరు బయలుదేఱుట మానుదురని చెప్పలేదు" అని కంట తడిపెట్టెను.

హెచ్-1బి అను అనుమతిపై ఆ దేశమున పనిచేయువారికి ఉద్యోగము పోయినచో 60 దినములకు మించని గడువు మాత్రమే యుండును. ఆలోపల వేఱొక యజమాని వారికొఱకు దరఖాస్తు పెట్టవలెను. లేదా మఱియొక విధమైన అనుమతిని కోరవలెను. ఏదియు కానిచో దేశము విడువవలెను. ఇంటి ఋణము, బాలుని చదువు, పదేండ్ల కాపురము అన్నియు ఆ గడువును పట్టుకొని వ్రేలాడుచున్నవి. మేము వెంటనే తిరిగిపోవుదుమంటిమి. మఱదిగారు, "వదినగారూ, మీరును వెళ్ళినచో నీ యింట మాటలాడువారే యుండరు. ఉండుడు" అనిరి.

చెల్లెలి కుమారునికి ఆ వారమున పండ్రెండేండ్లు నిండినవి. ఆ పుట్టినదినమునకు రెండువందల డాలర్ల మంచి గాలపుకఱ్ఱను కొనియిత్తునని తండ్రి యంతకుముందే మాట యిచ్చియుండిరి. ఆ మాట చెల్లునట్లు లేదు. ఉద్యోగము సంగతి బాలునికి చెప్పలేదు. ఆయన వాని ముఖము చూచుటకును సంకోచించుచుండిరి. దుకాణములో బాలుడు తానే ముందుకు పోయి, మూలనున్న యొక కఱ్ఱను చేతబట్టి, "నాన్నా, నాకిది నచ్చినది" అనెను. వెల ఇరువది డాలర్లు. అనగా మన సొమ్ము సుమారు 1,600 రూపాయలు. చెల్లెలు నా చెవిలో, "రెండునాళ్ళలో విఱుగును. ఇదియును దండుగయే" అని గొణిగెను.

కమ్మింగునకు తూర్పున లేనియర్ సరస్సు కలదు. అది స్వయముగా నేర్పడినది కాదు. చట్టహూచీ నదికి బ్యూఫర్డు అనుచోట 1950వ దశకమున సైనిక ఇంజనీరుల శాఖవారు ఆనకట్ట కట్టగా నిలిచిన నీరు. విస్తీర్ణము సుమారు 38,000 ఎకరములు. కొండల నడిమి లోయలన్నిటిలోనికి నీరు చొచ్చుటచే తీరము చేతివ్రేళ్ళవలె చీలి సుమారు 690 మైళ్ళు సాగియున్నది. సిడ్నీ లేనియర్ (1842–1881) అను కవి యా నదిపై గీతము వ్రాసినందున సరస్సునకు ఆయన పేరిడిరి. కవి పేర తటాకము వెలయుట నాకు ముచ్చటయైనది. కాని యా నీటియడుగున ఒకరి పొలములును, ఇండ్ల పునాదులును, బాటలును ఉన్నవని వినగానే పోలవరము ముంపు గ్రామములు తలపునకు వచ్చి మనసు బరువెక్కినది.

ఇక కఱ్ఱ సంగతి. ఆ దేశమున బాస్ అను చేపను పట్టుట పెద్దవేడుక. పెద్దనోటి బాస్ పచ్చని వీపుతో, ప్రక్కన నల్లని చారతో నుండును. దాని నోటిచీలిక కంటిని దాటి వెనుకకు పోవును. వసంతమున మగచేప గూటిని చేసి, గ్రుడ్లకును పిల్లలకును తానే కావలి కాయును. మా బాలుని కఱ్ఱ యీ బాస్ కొఱకు చేసినదే. ఆఱున్నర అడుగుల పొడవు, రెండు ముక్కలు, గాజునారతో చేసిన ఒడలు, దారము చుట్టుకొను రీలు. వెలగలవానిని గ్రాఫైటు అను నారతో చేయుదురు. అవి తేలికగా నుండి, నీటియడుగున ఎర ఱాతికి తగిలినదో, చేప నోటికి తగిలినదో చేతికి వెంటనే తెలుపును. గాజునార కఱ్ఱ బరువైనది, వార్తను మందముగా చేర్చును. కాని విల్లువలె వంగి, మోటు చేతులకును ఓర్చుకొనును.

గట్టున ప్రతిదినమును ఒక వృద్ధుడు మడతకుర్చీలో కూర్చుండెడివాడు. పూర్వము బడిపిల్లల బస్సు నడిపినవాడట. ఆయన యా కఱ్ఱను వంచి చూచి, "చవుకదే, కాని దేనికి తగునో తెలిసికొన్నచో పనికిమాలినది కాదు" అనెను. ఆయన చెప్పినవి, మేము చేసి చూచినవి వ్రాయుదును.

మొదట గాలము లేకుండ చిన్న బరువును మాత్రము దారమునకు కట్టి విసరుట నేర్వవలెను. మా చెల్లెలి స్టీలు పళ్ళెమును పెరటిగడ్డిలో నుంచి, బాలుడు దానిలో బరువు పడునట్లు మూడు సాయంకాలములు విసరెను. పిదప బెండు కట్టి, వానపామును గ్రుచ్చి, గట్టుప్రక్కనే తిరుగు బ్లూగిల్ అను చిన్నచేపలను పట్టవచ్చును. సందెవేళ ఎరను అడుగునకు దింపి, జెల్లజాతి చేపలకై వేచియుండవచ్చును. నాల్గవది నన్నాశ్చర్యపఱచినది. చేపబొమ్మ వంటి ఎర యొకటి కలదు. దాని పొట్టకు మూడేసి కొక్కెముల గాలములుండును. బిగువైన కఱ్ఱతో లాగినచో అవి చేపనోటినుండి ఊడివచ్చునట. గాజునార కఱ్ఱ వంగి చేపకు కొంత చోటిచ్చుటచే గాలము నిలుచును. అందుచే నీ యొక పనికి డబ్బుగలవారును గాజునార కఱ్ఱనే కోరుదురు. మునిగిన చెట్లకొమ్మల నడుమ మెత్తని పురుగుబొమ్మను ప్రాకించు పనికి మాత్రము దీనిని పెట్టరాదు. దానికి సూక్ష్మస్పర్శయు, బిగువును కావలెను.

నేనును ఒకమాఱు విసరితిని. బరువు వెనుకనున్న దేవదారు కొమ్మకు చుట్టుకొన్నది. మా వారు చెట్టెక్కుటకు పంచె ఎగగట్టగా చూచినవారెల్ల నవ్విరి. అనేక దినములకు మా చెల్లెలు నవ్వగా చూచితిని.

మా యిండ్లలో చేప వండు నాచారము లేదు. అట్టివారము గాలమును పట్టవచ్చునాయని నా మనసు పీడించినది. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత చెప్పిన యిరువదినలుగురు గురువులలో చేపయు నొకటి. నాలుక రుచికి లోబడినవాని గతి యెట్టిదో అది నేర్పినది. ఆ గురువును వినోదమునకై బాధించుట తగదని చెప్పితిని. బాలుడు నా మాట వృద్ధునకు వినిపించెను. ఆయన, "మీ పెద్దమ్మ చెప్పినది నిజము. తినువారికి కావలసినదే యుంచుకొని, తక్కినదానిని నొప్పింపక విడువవలెను" అని, గాలపు ముల్లును పటకారుతో నొక్కివేసి, చేతులు తడుపుకొని చేపను పట్టి, క్షణములో నీట విడుచుట చూపెను. నా సందేహము పూర్తిగా తీరలేదు. కాని బాలుడు ఆ దినము మొదలు చేతులు తడుపక చేపను ముట్టలేదు.

ఆ రాష్ట్రమున పదునాఱేండ్లు నిండనివారికి అనుమతిచీటి యక్కఱలేదు, పెద్దలకు కావలెను. మఱదిగారు చీటి కొని, ప్రతిదినము ఉదయమున దరఖాస్తులు వ్రాసి, సాయంకాలమున బాలునితో పోవుచుండిరి. ఒకనాడు వానికి తొలి బాస్ దొరకినది. కొలువగా 13 అంగుళములు. ఆ సరస్సులో 14 అంగుళములకు తక్కువైన బాస్‌ను ఉంచుకొనరాదు. బాలుడు మాటాడక విడిచిపెట్టెను. మఱియొకనాడు దొరకిన జెల్లచేపను వృద్ధున కిచ్చిరి. మఱునాడాయన తన పెరటిలోని లేత బీన్సుకాయలను సంచినిండ తెచ్చి యిచ్చెను. ఇరువది డాలర్ల కఱ్ఱ మా వంటయింటికి కూర తెచ్చినదని చెల్లెలు ఒప్పుకొనవలసివచ్చినది.

జార్జియాలోనే 1932వ సంవత్సరమున ఒక పేద కుఱ్ఱవాడు ప్రపంచములోకెల్ల పెద్దబాస్‌ను పట్టెనని వృద్ధుడు చెప్పగా, మా వారికి ఆ చోటు చూడవలెనని బుద్ధిపుట్టినది. ఒక ఆదివారము పులిహోర మూటలు కట్టుకొని, దక్షిణముగా సుమారు 200 మైళ్ళు పోయితిమి. మేకన్ దాటిన పిదప కొండలు తగ్గి, దేవదారు వనములును చదునైన పొలములును వచ్చినవి. టెల్‌ఫేర్ మండలమున రహదారి ప్రక్క ఒక స్మారకఫలకము కలదు. జార్జి పెర్రీ అను రైతుబిడ్డ 1932 జూన్ 2వ తేదీన మాంట్‌గోమరీ మడుగులో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను పట్టెను. మన లెక్కకు పది కిలోలకు పైమాట. తండ్రి లేని యింటి బరువు వానిదే. అవి ఆర్థికమాంద్యపు దినములు. వానచే పొలము పని సాగక, స్నేహితునితో కలిసి చేపలకు పోయెనట. ఇద్దఱికిని ఒకే కఱ్ఱ, ఒకే ఎర. ఊరిలో తూకము వేయించి, ఇంటికి కొనిపోగా తల్లి వండినది, అందఱును తినిరి. ఒక పత్రిక పోటీలో దానికి 75 డాలర్ల విలువగల సామానులు బహుమానముగా వచ్చినవి. 2009వ సంవత్సరమున జపానులోని బివా సరస్సున మనాబు కురీటా అనునాతడు దానితో సమానమైన చేపను పట్టెను, దాటినవాడు లేడు.

మడుగు ఓక్‌మల్గీ నది విడిచిపోయిన పాత వంక. ఇప్పుడు చాలవఱకు పూడిపోయినది. ఫలకము ముందు నిలిచి మఱదిగారు చాలసేపు చదివిరి. తిరుగుదారిలో ఒక చెట్టునీడను పులిహోర తినుచు, బాలునితో, "నాన్నా, నా యుద్యోగము పోయినది. ఇల్లు విడువవలసివచ్చునేమో" అని చెప్పిరి. బాలుడు చేతిలోని ముద్దను క్రింద పెట్టి, "నాకు తెలియును నాన్నా. అందుకే ఇరువది డాలర్లది తీసికొంటిని" అనెను. మేమెవరమును మాటాడలేదు. చెల్లెలు వానికి మఱికొంత పులిహోర వడ్డించినది.

పాఠశాల తెఱచు వేళకు మేము స్వదేశము చేరితిమి. గడువులో ఏబదిమూడవ దినమున మఱదిగారికి వేఱొక సంస్థవారు పని యిచ్చి దరఖాస్తు పెట్టిరని వార్త వచ్చినది. మా పూజగదిలో ఆ రాత్రి రెండు దీపములు వెలిగించితిని. తరువాతి పుట్టినదినమున తండ్రి మాట చెల్లించుకొని గ్రాఫైటు కఱ్ఱను కొనియిచ్చిరి. పాతకఱ్ఱ నేమిచేసితివని ఫోనులో అడిగితిని.

"చేపబొమ్మకు అదే మంచిది, పెద్దమ్మా. మీరు మరల వచ్చినప్పుడు మీకు అదియే. ఈమాఱు చెట్టువైపు నిలువకుడు" అనెను.

సోదరీమణులారా! మన యిండ్లలోను చవుకవస్తువులు మూలలందున్నవి. వెల తక్కువయని పాఱవేయుటకు ముందు, అది యే పనికి తగునో ఒకమాఱు వంచి చూడుడు.